ఎడిటింగ్ కంప్యూటర్‌కు పనే కొలబద్ద

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనైనా వీడియో ఎడిటింగ్ కోసం కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవాలని వెళ్లేవారి చర్చ చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డుతోనే మొదలవుతుంది. బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే పోతుంది. మిగిలిన డబ్బుతో ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, మానిటర్ సర్దుకుంటారు. గేమింగ్‌కు ఈ వరస సరిపోవచ్చు. పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు, పాఠాల వీడియోలు చేసి బతికే యువతకు మాత్రం ఇది నష్టం తెస్తుంది. వారు ముందుగా తేల్చుకోవాల్సింది తమ పని ఎక్కడ ఆగుతోందన్నదే.

ఈ మాటకు ఆధారం కంప్యూటర్ ఇంజినీరు జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదనలో ఉంది. పనిలో వేగం పెరగని భాగం ఎంత ఉందన్నదే మొత్తం లాభానికి హద్దు గీస్తుంది. 60 నిమిషాల ఎక్స్‌పోర్ట్‌లో 30 నిమిషాల పని మాత్రమే గ్రాఫిక్స్ కార్డుదైతే, రెట్టింపు వేగం గల కార్డు కొన్నా 45 నిమిషాలు పడుతుంది. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా 30 నిమిషాల కిందికి దిగదు.

4కే వీడియోనే చూద్దాం. ఒక ఫ్రేములో 3840×2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. పిక్సెల్‌కు 3 బైట్ల లెక్కన ఫ్రేముకు సుమారు 25 మెగాబైట్లు, సెకనుకు 25 ఫ్రేములైతే 620 మెగాబైట్లు. కెమెరా దీన్ని కుదించి సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తే, ఫైలులో మిగిలేది 12.5 మెగాబైట్లే. అంత చదవడం మామూలు హార్డ్ డిస్కుకూ కష్టం కాదు. ఆ 12.5ను విప్పి మళ్లీ 620గా పరచడమే అసలు శ్రమ. పైగా హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేములతో పోల్చిన తేడాలుగానే నిల్వ ఉంటాయి. టైమ్‌లైన్ మీద ఒక్క ఫ్రేము చూపాలన్నా కొన్నిసార్లు అనేక ఫ్రేములు విప్పాలి.

ఈ విప్పే పనికి చిప్పులో ప్రత్యేక విభాగం ఉంటుంది. చాలామంది చూడనిది అదే. రంగుల వివరాలను ఎక్కువగా దాచే 10-బిట్ 4:2:2 హెచ్.265 వీడియోను ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలా వరకు తీస్తున్నాయి. ఎన్విడియా జీఫోర్స్ కార్డుల్లో 2025లో వచ్చిన 50 సిరీస్‌కు ముందున్నవి దాన్ని నేరుగా విప్పలేవు. 12వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని అంతర్గత గ్రాఫిక్స్ విప్పగలదు. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ భాగం పనిచేయదు. కొద్ది డబ్బు మిగులుతుందని ‘ఎఫ్’ రకం తీసుకున్న ఎడిటర్ తనకు అత్యవసరమైనదాన్నే వదులుకున్నట్టు. వాడే సాఫ్ట్‌వేర్ ఈ సదుపాయాన్ని ఉపయోగించుకుంటుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

పని మారితే లెక్కా మారుతుంది. బ్లెండర్‌లో త్రీడీ దృశ్యాలను కార్డు మీద రెండర్ చేసేవారికి కార్డే ముఖ్యం. అక్కడా వేగంతో పాటు దృశ్యమంతా పట్టేంత గ్రాఫిక్స్ మెమరీ ఉండాలి. ఫొటోలు దిద్దేవారికి రంగులు నిజంగా చూపే మానిటర్ కావాలి. సంగీతం చేసేవారికి బలమైన ప్రాసెసర్, చప్పుడు చేయని ఫ్యాన్లు కావాలి. 4కే ఎడిటింగ్‌కు 32 గిగాబైట్ల ర్యామ్ ఉంటే మంచిది. ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ డిస్కును ఆశ్రయిస్తుంది, దాంతో అంతా నత్తనడకే.

మన ఎండలనూ లెక్కలో వేసుకోవాలి. గది వేడి 25 నుంచి 40 డిగ్రీలకు పెరిగితే, అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి ప్రాసెసర్ వేడి కూడా దాదాపు 15 డిగ్రీలు పెరుగుతుంది. హద్దుకు చేరితే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది. గాలి ఆడని క్యాబినెట్‌లో ఖరీదైన ప్రాసెసర్ పెట్టడం డబ్బు వృథా. ఎస్‌ఎంపీఎస్ మీది ‘80 ప్లస్’ ముద్ర విద్యుత్ పొదుపు గురించే చెబుతుంది, వోల్టేజీ హెచ్చుతగ్గులను తట్టుకోవడం గురించి కాదు. అందుకే యూపీఎస్‌కు, బ్యాకప్ డిస్కుకు మొదటే డబ్బు పక్కన పెట్టాలి. పెళ్లి మళ్లీ జరగదు, పోయిన ఫుటేజీ తిరిగి రాదు.

పెద్ద కార్డు కొంటే నాలుగేళ్లు నిశ్చింత అన్న వాదన ఉంది. కొంత నిజమే. అయితే కార్డును తర్వాత మార్చుకోవచ్చు. దానికి చోటిచ్చే మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మొదటే సరైనవి ఉండాలి. కొనేముందు తమ సొంత ప్రాజెక్టును ఇప్పుడున్న కంప్యూటర్‌లోనో, స్నేహితుడి కంప్యూటర్‌లోనో నడిపి, విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్, మెమరీ, డిస్కు, వీడియో డీకోడ్ గీతల్లో ఏది ముందు నిండుతుందో చూడాలి. తక్కువ రిజల్యూషన్ ప్రాక్సీ ఫైళ్లతో ఎడిట్ చేసి కూడా చూడాలి. కొందరికి కొత్త కంప్యూటర్ అవసరమే లేదని అప్పుడు తేలవచ్చు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షకు పట్టేది ఒక్క సాయంత్రం. అప్పు చేసి కొనేవారికి ఇంతకన్నా మంచి సలహా ఏ దుకాణంలోనూ దొరకదు.