గీతలు పడ్డ రూపాయి

"చెల్లని రూపాయికి గీతలెక్కువ" అనేది మా అత్తగారి ఊతపదం. ఈ కాలంలో ఆవిడ మాట తిరగబడింది. చెల్లే రూపాయికి గీతలుంటే విలువ లేదుట, ఒక్క గీతా లేకుండా ఎవరి చేతిలోనూ చెల్లకుండా కూర్చున్న రూపాయికే గొప్పట!

ఈ సంగతి నాకు చెప్పినవాడు అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు. ఏలూరులో మా ఇంటికొచ్చి, పూజామందిరంలో ఉన్న గాంధీగారి వెండి పది రూపాయల నాణెం చేతిలోకి తీసుకుని, "అయ్యో అత్తయ్యా! దీన్ని చింతపండుతో తోమావా?" అన్నాడు.

"తోమకేం? ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందు తోముతాను" అన్నాను.

"గ్రేడు పోయిందత్తయ్యా" అని తల పట్టుకున్నాడు.

1969లో గాంధీ శతజయంతికి వేసిన నాణెం అది. పదిహేను గ్రాముల బరువు, అందులో ఎనభై పాళ్ళు వెండి. మా మామగారు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టారు. దానికి గ్రేడేమిటండీ?

అప్పుడు వాడు తను తెచ్చిన వెండి డాలరు చూపించాడు. 1986 నుంచి అమెరికా వాళ్ళు ఏటా వేస్తున్న సిల్వర్ ఈగిల్. ప్లాస్టిక్ పెట్టెలో సమాధి చేసి, పైన 70 అని చీటీ అంటించారు. అయిదు రెట్లు పెద్దది చేసి చూసినా లోపం కనబడకపోతే 70. పిసరంత లోపముంటే 69. ఆ ఒక్క అంకె తేడాకే ధర ఎక్కడికో పోతుందిట! "ఏదీ, రెండూ పక్కపక్కన పెట్టి, చీటీలు మూసేసి, ఏది 70యో చెప్పు" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఈ లెక్కను 1949లో షెల్డన్ అనే ఆయన పాతకాలపు రాగి సెంట్ల కోసం పెట్టాడు. 70 గ్రేడు నాణెం 1 గ్రేడు నాణేనికి డెబ్బై రెట్లు ధర పలకాలని ఆయన ఊహ. వందేళ్ళకు పైగా చేతులు మారి అరిగిన రాగి నాణేలకు అలాంటి లెక్క అవసరమే. నిన్న టంకశాలలో పుట్టి నేడు డబ్బాలో దూరినదానికి ఎందుకు?

గ్రేడు కట్టడం మనకు తెలియనిదా? మా కొల్లేరు చుట్టుపక్కల రొయ్యకు కౌంటు కడతారు. కిలోకి ముప్ఫయి తూగితే ఒక ధర, వంద తూగితే ఒక ధర. ఆ తేడా కంటికి కనబడుతుంది, కూరలో తెలుస్తుంది. 70కీ 69కీ తేడా చీటీలో తప్ప మరెక్కడా తెలియదు.

అరుదు మాటకొస్తే, పాత నాణేలు అరుదయ్యాయంటే జనం వాటిని వాడారు, కరిగించారు, గోదావరిలో వేశారు. దాచుకోమని చెప్పి అమ్మినదాన్ని అందరూ దాచుకుంటారు. అందరి బీరువాల్లోనూ ఉన్నది అరుదెలా అవుతుంది? 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ఎన్.టి.ఆర్. వంద రూపాయల నాణెం విడుదల చేశారు. అందులో సగం వెండి. అప్పట్లో పెట్టెనుబట్టి ధర నాలుగు వేల పైచిలుకు ఉండేది. అభిమానంతో కొన్నవాళ్ళని నేనేమీ అనను. అభిమానానికి గ్రేడు లేదు. "రేపు లక్షలవుతుంది" అని కొన్నవాళ్ళనే అంటాను.

ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదాలే అని ఊరుకుందును. కానీ మా వీధిలో ఒకావిడకి ఫోనొచ్చింది. వైష్ణోదేవి బొమ్మున్న అయిదు రూపాయల నాణెం ఉంటే లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని. చీటీ పాడుకున్న డబ్బు కట్టింది, మళ్ళీ కట్టింది. భర్తకి చెప్పలేక నా దగ్గర కూర్చుని ఏడ్చింది. 2012లో వేసిన ఆ నాణేలు బజారులో చిల్లరగా తిరిగినవే! ఇలాంటి వాటికి తాము కమిషన్లు అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఆవిడ వంటింటిదాకా రాలేదు. "అరుదు, లక్షలు" అన్న మాటలు మాత్రం వచ్చాయి. పెద్దమనుషులు ముద్దుగా పలికే మాటలే దొంగలకు పెట్టుబడి.

అందుకని అమ్మల్లారా, ఎవరైనా "ఇది అరుదు" అంటే రెండే ప్రశ్నలడగండి. ఎన్ని వేశారు? ఇవాళ నా చేతిలోంచి తీసుకుని రొక్కమిచ్చేవాడెవడు? ఎదురు డబ్బు కట్టమంటే ఫోను పెట్టెయ్యండి.

మేనల్లుడి మాటలో ఒకటి మాత్రం నిజం. అమ్మదలచిన పాత నాణేన్ని తోమకూడదు, పులుపు దాని మెరుపు తినేస్తుంది. ఒప్పుకున్నాను. కానీ మా అత్తగారి నాణెం అమ్మకానికి లేదు. వచ్చే శ్రావణంలో మళ్ళీ చింతపండుతోనే తోముతాను. దాని మీది గీతల్లో సగం ఆవిడ చేతివి, సగం నావి.