భద్రతా వారం రాత్రి షిఫ్టుకూ రావాలి

పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, అచ్యుతాపురం... ఎక్కడ డ్యూటీ చేస్తున్నా సరే, ఫార్మా, కెమికల్ కంపెనీల్లోని తోటివాళ్లందరికీ ఒక మాట.

మార్చి 4న జాతీయ భద్రతా వారం మొదలవుతుంది. 1966లో జాతీయ భద్రతా మండలి ఏర్పడింది ఆ రోజునే. గేటు దగ్గర జెండా ఎగరేస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, నినాదాల పోటీ పెట్టి బహుమతులిస్తారు. మంచిదే. కానీ అదంతా పగటి షిఫ్టులో, పర్మినెంటు వాళ్ల మధ్యే ముగిసిపోతోంది. రాత్రి పదింటికి లోపలికొచ్చే కాంట్రాక్టు హెల్పరుకు ఆ వారం వచ్చిందనీ తెలియదు, వెళ్లిపోయిందనీ తెలియదు.

ఇరవై రెండేళ్లు ప్రొడక్షన్‌లో పనిచేశాను. ఒక రాత్రి ఒడిశా కుర్రాడొకడు డ్రమ్ములోంచి రియాక్టర్‌లోకి టోలుయీన్ అనే సాల్వెంట్ ఎక్కిస్తున్నాడు. ఎర్తింగ్ క్లిప్ పెట్టాడు గానీ, డ్రమ్ము అంచున మందంగా ఉన్న రంగు మీద పెట్టాడు. క్లిప్పు పళ్లు ఇనుముకు తగల్లేదు. సాల్వెంట్ పైపులో పారుతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది. అది భూమిలోకి దిగకపోతే ఆవిరి అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ‘‘క్లిప్పు పెట్టాను కదా భయ్యా’’ అన్నాడు. ఎందుకు పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు. గోడ మీద బోర్డు తెలుగులో, ఇంగ్లిషులో ఉంది. అతనికి రెండూ రావు.

రియాక్టర్‌లో మిగిలిపోయిన నైట్రోజన్ మరీ ప్రమాదం. రంగుండదు, వాసనుండదు, గొంతు మండదు. రియాక్టర్ కడగడానికి దిగినవాడు కేకైనా వేయకుండా కూలిపోతాడు. పైనున్నవాడు మనసాగక దిగుతాడు, అతనూ పడిపోతాడు. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉండాలి. 19.5 కన్నా తగ్గితే లోపలికి దిగకూడదు. మీటరు పెట్టి చూడనిదే, నడుముకు తాడు కట్టనిదే, పైన మనిషిని కాపలా ఉంచనిదే ఎవరినీ దింపకండి. కాపలా ఉన్నవాళ్లూ వెనకే దిగొద్దు. తాడు లాగండి, అలారం కొట్టండి.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ ప్రమాదంలో నలభై మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. ఎవరిది ఏ దేహమో డీఎన్‌ఏ పరీక్షలతో తేల్చాల్సి వచ్చింది.

షిఫ్టు ఇన్‌చార్జులకు నా మనవి: భద్రతా వారం ఏడు రోజులూ రాత్రి షిఫ్టు మొదట్లో పావుగంట కేటాయించండి. హిందీ, ఒడియా వచ్చినవాళ్లతోనే చెప్పించండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆ మాట పైవాళ్లకు చెప్పే హక్కు కార్మికుడికి చట్టమే ఇచ్చింది. పని ఆపి అడిగినవాణ్ణి కసరకండి, మర్నాడు గేటు బయట నిలబెట్టకండి.

అన్నలారా, అక్కలారా, మార్చి 4వ తేదీ రాత్రి డ్యూటీ ఎక్కగానే, మీ పక్కన కొత్తగా చేరినవాళ్లను వెంటబెట్టుకుని ఎమర్జెన్సీ తలుపు దాకా నడవండి. అది తెరుచుకుంటుందో లేదో వాళ్ల చేతే తోయించి చూడండి.