ఎన్ని కొట్టిండన్నది సగం లెక్కే

2025 సెప్టెంబర్ 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ నిలిపిన లక్ష్యం 147. ఇరవై పరుగులకే భారత్ మూడు వికెట్లు పోగొట్టుకుంది. వాటిలో ఒకటి ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువగా 314 పరుగులు చేసిన అభిషేక్ శర్మది. ఆ రాత్రి అతను చేసింది 5. మ్యాచ్‌ను ఒడ్డున పడేసింది హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ, 53 బంతుల్లో 69 నాటౌట్‌తో. అభిషేక్ మామూలు ఆటగాడేమీ కాదు, ఆ టోర్నీలో బౌలర్లను చితక్కొట్టాడు. కానీ మొత్తం పరుగుల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకుని చూస్తే తిలక్ ఆ రాత్రి చేసిన పని ఎవరికీ కనబడదు.

మన దగ్గర చూసేది మాత్రం ఆ పట్టికనే. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా టెన్నిస్ బంతి టోర్నమెంట్లలో బెస్ట్ బ్యాట్స్‌మన్ కప్పు ఎవరికన్న దానిమీద పెద్దగా తగాదా రాదు. ‘ఎన్ని కొట్టిండు?’ అని అడుగుతారు, కూడతారు, ఎక్కువున్నవాణ్ని పిలుస్తారు. పరుగులు అబద్ధం చెప్పవన్నది నిర్వాహకుల వాదన. నిజమే, చెప్పవు. సగం చెప్పి ఊరుకుంటాయి.

పది ఓవర్ల మ్యాచ్‌లో ఉండేవే 60 బంతులు. ఓపెనర్ నిలబడితే అందులో సగం అతనికే పోతాయి. ఆరో నంబర్లో దిగేవాడికి ఆరేడు దొరికితే ఎక్కువ, అవీ అవతల వికెట్లు టపటపా పడుతుండగా. పైగా ఊరి జట్లలో ఓపెనింగ్‌కు ఎవరు దిగుతారో అందరికీ తెలుసు: కెప్టెన్, లేదంటే బ్యాటు కొన్నవాడు! ఆ మొత్తంలో ఆట ఎంతో, దొరికిన అవకాశం ఎంతో విడదీయకుండా కప్పు చేతిలో పెట్టేస్తున్నారు.

ఇది ఊరి గ్రౌండ్లకే పరిమితమైన పొరపాటు కాదు. ఐపీఎల్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడికిచ్చే ఆరెంజ్ క్యాప్ చూడండి. 2008 నుంచి 2025 దాకా 18 సీజన్లలో సీజన్ చివర ఆ టోపీ దక్కించుకున్నవాళ్లంతా మొదటి మూడు స్థానాల్లో ఆడినవాళ్లే. ఐదు, ఆరు స్థానాల్లో దిగి ఆట ముగించేవాళ్లలో ఒక్కరూ లేరు. వాళ్లకు బ్యాటింగ్ రాకనా? బంతులు దొరక్క. టోపీ పెట్టుకున్న ఏడాదే కప్పు కూడా ఎత్తినవాళ్లు ఇద్దరే: 2014లో రాబిన్ ఉతప్ప, 2021లో రుతురాజ్ గైక్వాడ్. మన సన్‌రైజర్స్ సంగతే తీసుకుంటే వార్నర్ 2015, 2017, 2019లో టోపీ గెలిచాడు, హైదరాబాద్ కప్పు గెలిచింది 2016లో. ఆ ఏడాది టోపీ 973 పరుగుల కోహ్లీది, ఫైనల్లో ఓడింది అతని జట్టే.

అమెరికా బేస్‌బాల్‌లో ఇదే పంచాయితీ దశాబ్దాలు నడిచింది. అక్కడ బ్యాటర్ దెబ్బకు ఎన్ని పరుగులు వచ్చాయన్న లెక్కను ఆర్‌బీఐ అంటారు. బేసుల మీద ముందే సహచరులు నిలబడి ఉంటేనే అది బాగా పెరుగుతుంది. 1990లో శాన్ డియాగో ఆటగాడు జో కార్టర్ ఖాతాలో 115 ఆర్‌బీఐలు పడ్డాయి. బ్యాటింగ్ సగటు మాత్రం .232, అక్కడి లెక్కలో నాసిరకం. అతనికి ముందు ఆడినవాళ్లు తరచూ బేసులెక్కి నిలబడ్డారు, ఇతను వాళ్లను హోమ్ బేస్‌కు చేర్చాడు, పేరు ఇతనికొచ్చింది. బేస్‌బాల్ గణాంకాల మీద రాసే బిల్ జేమ్స్‌లాంటి వాళ్లు ఏళ్ల తరబడి రాసి రాసి ఈ లెక్క మీద మోజు తగ్గించారు.

మనకు అంత దూరం పోవాల్సిన పనిలేదు, వి.వి.ఎస్. లక్ష్మణ్ ఉన్నాడు. 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 శతకాలు. సచిన్ 51, ద్రావిడ్ 36 శతకాల పక్కన పెట్టి చూస్తే చిన్నగానే కనిపిస్తాయి. 2001 ఈడెన్ గార్డెన్స్‌లో చేసిన 281 ఎవరూ మరవలేదు, ఎందుకంటే అది పెద్ద అంకె. మరి 2010 మొహాలీ? ఆస్ట్రేలియా మీద లక్ష్యం 216, స్కోరు 124కు 8. నడుం నొప్పితో, రన్నర్‌ను పెట్టుకుని, ఇషాంత్ శర్మతో తొమ్మిదో వికెట్‌కు 81 పరుగులు జోడించాడు. ఒక్క వికెట్ తేడాతో గెలుపు. అతను చేసింది 73, శతకాల పట్టికలో దానికి చోటులేదు. అదే ఏడాది డర్బన్‌లో దక్షిణాఫ్రికా మీద గెలిచిన టెస్టులో ఎవరూ వంద దాటలేదు, రెండో ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ కొట్టిన 96 ఆ మ్యాచ్‌ను తిప్పింది. దానికీ చోటులేదు. చివరి వికెట్లను వెంటబెట్టుకుని ఆడేవాడికి వంద పూర్తిచేసే తీరిక ఎక్కడిది?

అయితే స్ట్రైక్ రేట్ చూద్దామంటారా? అదొక్కటే పట్టుకున్నా అంతే సంగతులు. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్ వన్డేలో భారత్ 18 పరుగులకు 4 వికెట్లు. అంబటి రాయుడు 113 బంతుల్లో 90 చేశాడు. వేగం లెక్కలో అది నత్తనడక. జట్టు 252 దాకా వెళ్లి 35 పరుగులతో గెలిచింది. ఏ అంకెనైనా దిగినప్పటి స్కోరు, పోయిన వికెట్లు, మిగిలిన బంతుల పక్కన పెట్టి చదవాలి.

పెద్ద మ్యాచ్‌లకు కెమెరాలున్నాయి, బంతి బంతికీ లెక్క ఉంది. జిల్లా కుర్రాళ్లకు ఆ వసతి లేదు. హైదరాబాద్‌లో ఆడేవాణ్ని సెలక్టర్ కళ్లతో చూస్తాడు, బెల్లంపల్లిలోనో జగిత్యాలలోనో ఆడేవాడి గురించి చాలాసార్లు కాగితమే మాట్లాడాలి. ఆ కాగితం మీద పరుగుల పక్కన ఆడిన బంతులు, దిగిన స్థానం, అప్పటి స్కోరు రాయడానికి నిర్వాహకులకు పైసా ఖర్చు కాదు. కావాల్సింది పెన్ను, కొంచెం ఓపిక. 40 పరుగులకు 5 వికెట్లు పడ్డాక దిగి 12 బంతుల్లో 25 కొట్టినవాణ్ని, ఏ ఒత్తిడీ లేకుండా తీరిగ్గా 45 చేసినవాడి వెనక నిలబెట్టడం అప్పుడు అంత తేలిక కాదు.