లెక్కలో లేనివాళ్లు, లిఫ్టు ఎక్కకూడనివాళ్లు

లాక్‌డౌన్‌లో ఇళ్లకు వెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారన్న ప్రశ్నకు 2020 సెప్టెంబరు 14న లోక్‌సభలో కేంద్ర కార్మిక శాఖ రాతపూర్వకంగా జవాబిచ్చింది. అలాంటి వివరాలు తమ దగ్గర లేవని, కాబట్టి పరిహారం మాటే తలెత్తదని దాని సారాంశం. సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లినవాళ్లు మాత్రం కోటి మందికి పైనే అని ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది. చేరినవాళ్లను లెక్కపెట్టగలిగిన ప్రభుత్వానికి చేరనివాళ్లు కనిపించలేదన్నమాట.

ఆ వార్త చదివినప్పుడు మా బాల్కనీ గుర్తొచ్చింది. కొండాపూర్‌లో మాది ఐదో అంతస్తు. పక్క స్థలంలో కట్టడం పని నడుస్తుండేది. దాని వెనక రేకుల షెడ్లలో ఒడిశా, జార్ఖండ్ కార్మికులు ఉండేవాళ్లు. మార్చి 22 సాయంత్రం అందరిలాగే నేనూ పళ్లెం మోగించాను. కింద షెడ్ల ముందు నిలబడ్డవాళ్లు తలెత్తి మమ్మల్ని వింతగా చూశారు. రెండు రోజుల తర్వాత రాత్రి 8 గంటలకు ప్రధాని ప్రకటన, అర్ధరాత్రి నుంచి దేశమంతా బంద్. ఆ నాలుగు గంటల్లో మేం కిరాణా కొట్టుకు పరుగెత్తి నెలకు సరిపడా సరుకులు తెచ్చుకున్నాం. షెడ్లలో వాళ్లకు నెల సరుకులు కొనే అలవాటు ఉండదు. వారం కూలీ వస్తే వారానికే కొంటారు.

మేస్త్రి ఫోను ఎత్తడం లేదని వాళ్లు మా వాచ్‌మన్‌తో చెప్పుకున్నారట. తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మంచి నిర్ణయమే, చాలా రాష్ట్రాలు ఆ మాత్రం కూడా చేయలేదు. కానీ బియ్యం ఉడకాలంటే గ్యాసు కావాలి, కూరకు నూనె కావాలి. అన్నిటికన్నా ముందు ఫోను రీఛార్జి కావాలి. అది లేకపోతే ఇంట్లోవాళ్లకు బతికున్నామని చెప్పుకునే దారి కూడా ఉండదు. ఏప్రిల్ 7న సుప్రీంకోర్టులో ఈ కేసు విచారణకు వచ్చినప్పుడు, భోజనం పెడుతున్నప్పుడు ఇక కూలీ డబ్బు ఎందుకని ప్రధాన న్యాయమూర్తే అడిగారు. వలస వచ్చినవాడు తన కడుపు కోసమే రాడు, ఊళ్లో ఇంకో నలుగురి కడుపు కోసం వస్తాడు. శిబిరంలో పెట్టే సాంబారన్నం కలహండికి మనియార్డరు కాదు.

ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కార్మికులు ఇంటికి పంపమని తిరగబడ్డారు. మే 1 తెల్లవారుజామున దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు దాదాపు 1200 మందితో లింగంపల్లి నుంచి హతియాకు కదిలింది. లాక్‌డౌన్ మొదలై అప్పటికి ఐదు వారాలు దాటింది. ఆ ఐదు వారాల్లోనే ములుగు వైపు మిర్చి తోటల్లో పనికొచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పాప అడవి దారిన మూడు రోజులు నడిచి, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో సొంతూరు దగ్గరపడ్డాక ప్రాణం విడిచింది. ఆ తర్వాత మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మందిని గూడ్సు రైలు తొక్కింది. వాళ్ల రొట్టెలు పట్టాల మధ్య పడి ఉన్న ఫోటో చూడనివాళ్లు లేరు. ఇవన్నీ పత్రికల్లో వచ్చాయి, పోలీసు రికార్డుల్లోకి ఎక్కాయి. కూడితే వచ్చే లెక్క ఇది. కూడాలని ఎవరూ అనుకోలేదంతే.

2020 సెప్టెంబరు 23న పార్లమెంటు ఆమోదం పూర్తయిన కొత్త కార్మిక కోడ్ 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టాన్ని రద్దు చేస్తుంది. కాంట్రాక్టరు ద్వారా కాక సొంతంగా వచ్చినవాళ్లను కూడా వలస కార్మికులుగా గుర్తించడం కొత్త కోడ్‌లో మెరుగైన మార్పు. అయితే పాత చట్టం ఐదుగురు వలస కార్మికులున్న చోటికల్లా వర్తించేది. ఇప్పుడు కనీసం పదిమంది ఉండాలి. మా పక్క షెడ్ల మేస్త్రిలాంటి వాళ్లకు తొమ్మిది దాకా లెక్కపెట్టడం బాగా తెలుసు. ప్రశ్నోత్తరాల సమయమే రద్దయిన సమావేశాల్లో ఇదంతా గబగబా జరిగిపోయింది.

ప్రభుత్వాన్ని అనడం తేలికే. మా ఇంట్లో పనిచేసే ఆమె పాలమూరు నుంచి వచ్చి పదేళ్లవుతుంది. ఏప్రిల్ జీతం పూర్తిగా ఇచ్చాను. మే నెలలో సగమే ఇచ్చాను. ఆ నెల నా జీతంలో ఒక్క రూపాయి తగ్గలేదు. పెట్రోలు, హోటళ్ల ఖర్చులు లేక బ్యాంకులో ఎప్పటికన్నా ఎక్కువే మిగిలింది. సగం ఎందుకిచ్చానంటే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. పనికి రాలేదు కదా అని లోపల ఎక్కడో అనుకుని ఉంటాను. రావద్దన్నది మేమే.

జూన్‌లో రానిచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ సంఘం ఒక నియమం పెట్టింది. పనివాళ్లు లిఫ్టు వాడకూడదు, మెట్లెక్కాలి. వాట్సాప్ గ్రూపులో ఆ ప్రతిపాదనకు బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పి అని నాకు తెలుసు. మొదటి రోజు ఐదంతస్తులెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడి, "అమ్మా, సామాన్లు తెచ్చే పిలగాడు లిఫ్టుల ఒస్తడు, నేను రావొద్దా?" అంది. వైరస్ గురించి ఏదో చెప్పాను. జులైలో మా బ్లాకులో ఇద్దరికి పాజిటివ్ వచ్చింది. ఇద్దరూ ఫ్లాట్ల యజమానులే. వాళ్లు ఆసుపత్రికి లిఫ్టులోనే దిగారు, లిఫ్టులోనే తిరిగొచ్చారు. నియమం మాత్రం అలాగే ఉంది.

పోయిన ఆదివారం ఆ నియమం తీసేద్దామని గ్రూపులో రాశాను. ఇద్దరు సరే అన్నారు. ఒకాయన మీకంత బాధగా ఉంటే మీరే మెట్లెక్కండి అన్నారు. మిగతావాళ్లు చూసి ఊరుకున్నారు. వచ్చే నెల సమావేశంలో చూద్దామని కార్యదర్శి ముగించారు. ఈ ఉదయం కూడా ఆమె మెట్లెక్కే వచ్చింది. మే నెల మిగతా సగం కవరులో పెట్టి ఇస్తే, లెక్క చూసుకుని, "ఇది ఏ నెలదమ్మా?" అని అడిగింది.