మిషన్లున్నాయి సరే, టైమేదీ?

పండక్కి ఊరెళ్ళేటప్పుడు మీరూ చూసే ఉంటారు. ఏదో ఒక స్టేషన్లో, ప్లాట్‌ఫారానికి అవతల సైడింగులో, పసుప్పచ్చ రంగులో పొడుగాటి మిషనొకటి నిలబడి ఉంటుంది. రైలింజనూ కాదు, క్రేనూ కాదు. పైన గొట్టాలూ, కింద ఇనప కాళ్ళూ. "ఎప్పుడు చూసినా ఇక్కడే ఉంటుందండీ ఇది, కోట్లు పోసి కొని పడేశారు" అని పక్క సీటాయన అనడం కూడా వినే ఉంటారు. ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే. ఖాళీగా ఉన్న మాట నిజం. ఎందుకు ఖాళీగా ఉందన్నదే ఈ టపా.

ముందు ఒక మాట. మాది రెడ్డిగూడెం, కృష్ణా జిల్లా మెట్టప్రాంతం (2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అనాలి, నాకింకా అలవాటు కాలేదు). మా ఊరికి రైలు లేదు. నందిగామకీ లేదు. జగ్గయ్యపేటకి పట్టాలున్నాయి గానీ, మోటుమర్రి నుంచి వేసిన ఆ లైను సిమెంటు ఫ్యాక్టరీల గూడ్సు బళ్ళ కోసం వేసింది. మేం రైలెక్కాలంటే మైలవరం మీదుగా కొండపల్లి పోవాలి, లేదా మధిర, అదీ కాదంటే బెజవాడ. రైలే లేని ఊరివాడికి పట్టాల గొడవెందుకంటారా? హైదరాబాదులో కంప్యూటర్ల ముందు కూర్చున్న మా మెట్టప్రాంతం కుర్రాళ్ళలో సగం మంది పండగలకీ పెళ్ళిళ్ళకీ వచ్చిపోయేది ఆ కాజీపేట - విజయవాడ లైను మీదే. ఇంకో కారణం కూడా ఉంది, కింద చెప్తాను.

కంకర మీద పట్టాలు పరిచేస్తే అవి అలా పడి ఉంటాయని మనం అనుకుంటాం. ఉండవు. బండి పోయిన ప్రతిసారీ స్లీపరు కింద కంకర కాస్త కదులుతుంది, కాస్త నలుగుతుంది. ఒకచోట ఒక మిల్లీమీటరు దిగుతుంది, పక్కన దిగదు. కొన్నాళ్ళకి పట్టా కొలత తప్పుతుంది. స్పీడు తక్కువైతే ఊగుతుంది, ఎక్కువైతే ఊగడంతో ఆగదు. దక్షిణ మధ్య రైల్వే 2022 సెప్టెంబరులో ముఖ్యమైన మార్గాల్లో గంటకి 130 కిలోమీటర్ల స్పీడు మొదలుపెట్టింది. అంతకుముందు 110. ఆ ఇరవై ఎక్కడినుంచో ఊడిపడలేదు, పట్టా కింద కంకర సరిగ్గా ఉంటేనే వచ్చేది.

పూర్వం ఈ పని గ్యాంగ్‌మన్లు చేసేవాళ్ళు. గడ్డపారతో లేపి, బీటరుతో స్లీపరు కిందకి కంకర కొట్టి కూరేవాళ్ళు. చెక్క స్లీపర్ల రోజుల్లో అది సాగింది. ఇప్పుడు కాంక్రీటు స్లీపరు ఒక్కోటి పావు టన్ను పైన ఉంటుంది, పట్టా మీటరుకి 60 కిలోలు, కిలోమీటరుకి 1,660 స్లీపర్లు. మనుషుల నడుములతో అయ్యే పని కాదు. మాకు బాబాయి వరసయ్యే ఒకాయన గ్యాంగులో చేసి రిటైరయ్యాడు. మిషన్లొచ్చి మీ పని పోగొట్టాయా బాబాయ్ అని అడిగితే, "పని పోలేదురా అబ్బాయ్, నడుం మిగిలింది" అన్నాడు.

ఆ పసుప్పచ్చ మిషను పేరు టాంపింగ్ మిషను. ఎక్కువగా కనపడేవి ఆస్ట్రియా దేశపు ప్లాసర్ అండ్ థ్యూరర్ వాళ్ళ డిజైన్లు, మనదేశంలో ఫరీదాబాద్‌లో తయారవుతాయి. అది చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. రోలర్లతో పట్టాని పట్టుకుని స్లీపర్లతో సహా కావాల్సిన ఎత్తుకి లేపుతుంది, పక్కకి వంకర ఉంటే సరిచేస్తుంది. అలా పట్టుకుని ఉండగానే ఇనప వేళ్ళు స్లీపరుకి రెండువైపులా కంకరలోకి దిగుతాయి. సెకనుకి 35 సార్లు వణుకుతూ కంకరని స్లీపరు కిందకి నొక్కుతాయి. వణుకెందుకంటే, ఊరికే నొక్కితే రాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడి ఆగిపోతాయి. వణికిస్తే సర్దుకుంటాయి. శేరు గ్లాసులో బియ్యం కొలిచేటప్పుడు మా అమ్మమ్మ గ్లాసుని నేలకేసి తట్టేది చూడండి, అదే ఫిజిక్సు :)

డ్యుయోమాటిక్ అనే రకానికి 32 వేళ్ళుంటాయి, ఒక్క దెబ్బకి రెండు స్లీపర్లు. దాని తర్వాతది సీఎస్‌ఎమ్. ఇందులో మిషను మొత్తం ఆగుతూ కదులుతూ పోదు. పెద్ద బాడీ నిదానంగా సాగిపోతూనే ఉంటుంది, వేళ్ళున్న భాగం మాత్రం కిందనే విడిగా ఆగి, పని చేసి, ముందుకి దూకి మళ్ళీ ఆగుతుంది. అన్ని టన్నుల్ని ప్రతి రెండు స్లీపర్లకీ ఆపి మళ్ళీ కదిలించే బాధ తప్పింది. మన భాషలో చెప్పాలంటే మెయిన్ థ్రెడ్డుని బ్లాక్ చెయ్యకుండా పని పక్కకి తోసెయ్యడం. దీని వెనకాల డీజీఎస్ అని ఇంకోటి వస్తుంది. అది పట్టాని కిందకి నొక్కుతూ అడ్డంగా ఊపి, వదులైన కంకరని స్థిరపరుస్తుంది. పని జరిగిన చోట మొదట్లో బళ్ళని బాగా నెమ్మదిగా పోనిస్తారు (కాషన్ అంటారు), ఇది తొక్కించాక ఆ స్పీడు తొందరగా పెంచుకోవచ్చు.

మా వైపు దీనికంటే ముఖ్యమైనది బీసీఎమ్, అంటే కంకర జల్లెడ మిషను. నల్లరేగడి నేల. కింద నీరు పట్టిందంటే బురద పైకి తన్నుకొస్తుంది. దానికి తోడు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనుకి పోయే బొగ్గు బళ్ళు. రాలిన బొగ్గుపొడి కంకర సందుల్లో చేరుతుంది. నీరు దిగదు, కంకర బిగుసుకుపోయి స్పాంజిలా పనిచెయ్యడం మానేస్తుంది. అప్పుడు పైపైన ఎన్నిసార్లు టాంపింగ్ చేసినా నాలుగు రోజుల ముచ్చటే. బీసీఎమ్ పట్టా కిందుగా ఒక గొలుసుని పోనిచ్చి మొత్తం కంకర తవ్వి పైకి లాగి, జల్లెడ పట్టి, మంచి రాయి మళ్ళీ కిందేసి మట్టిని పక్కకి విసిరేస్తుంది. పట్టా అక్కడే ఉండగా! ఇవి కాక పాయింట్ల దగ్గరకి యూనిమాట్, స్లీపర్లూ పట్టాలూ ఏకంగా మార్చే టీఆర్టీ, ఇంకా చాలా ఉన్నాయి. వాటి జోలికి పోతే టపా పుస్తకమవుతుంది.

ఇక ఇందాక అన్న ఇంకో కారణం. ఈ మిషన్లకి పెద్ద రిపేరు, అంటే భాగాలన్నీ విప్పి బిగించడం, ఎక్కడ చేస్తారో తెలుసా? ఒకటి ప్రయాగరాజ్. ఇంకోటి రాయనపాడు. అవును, మన కొండపల్లి దాటగానే వచ్చే రాయనపాడే. ఆ దారిన వందసార్లు పోయినవాళ్ళకి కూడా ఈ సంగతి తెలియదు. అంటే ఈ మిషన్లు నడపగలిగినవాళ్ళూ, విప్పి బిగించగలిగినవాళ్ళూ మన వాకిట్లోనే ఉన్నారు. మిషన్ల సంఖ్యకీ ఇప్పుడు పెద్ద లోటు లేదు. రైల్వే శాఖ లెక్క ప్రకారం దేశం మొత్తమ్మీద 2014 మార్చిలో 748 ఉండేవి, తర్వాత పదేళ్ళలో రెట్టింపు దాటాయి.

మరి లోటెక్కడ?

2022 డిసెంబరులో పార్లమెంటు ముందుకి కాగ్ నివేదిక ఒకటొచ్చింది, బళ్ళు పట్టాలు తప్పడం మీద. 2017-18 నుంచి 2020-21 వరకు లెక్కలు తీశారు. అందులో పట్టాల మిషన్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయో రాశారు. ఆపరేటింగ్ విభాగం బ్లాకు ఇవ్వక 32 శాతం. డివిజన్లు బ్లాకు ప్లాను చెయ్యక 30 శాతం. ఆపరేషన్ ఇబ్బందుల వల్ల 19. స్టాఫు లేక 5 శాతం. చెయ్యడానికి పనే లేక 3 శాతం.

మొదటి రెండూ కలపండి, 62 శాతం. బ్లాకు అంటే వేరే ఏం కాదు, ఆ లైను మీద ఇన్ని గంటలు బళ్ళు ఆపుతాం, మీ పని చేసుకోండి అని ఇచ్చే టైము. మన మెయింటెనెన్స్ విండో అన్నమాట. మిషనుంది, డ్రైవరున్నాడు, డీజిలుంది, పనుంది. టైము లేదు. పోనీ ఇచ్చే టైమన్నా మొత్తం దక్కుతుందా? రెండు గంటల బ్లాకులో స్టేషను నుంచి చోటుకి పోవడానికి కొంత, వేళ్ళు దించి సెట్ చేసుకోవడానికి కొంత, చివర్లో అన్నీ ఎత్తుకుని మళ్ళీ స్టేషనుకి చేరడానికి కొంత పోతుంది. రెండు గంటల బ్లాకులు రెండిస్తే నాలుగ్గంటల బ్లాకుతో సమానం కాదు. ఇది మీకు నేను చెప్పాలా? గంటకో మీటింగు పెట్టి మధ్యమధ్యలో కోడు రాయమంటే ఎంత రాస్తామో అంతే.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో క్లయింటు డేటాబేసు ప్యాచికి విండో ఇవ్వడానికి ఏడాది పైగా నాన్చాడు. ఈ నెల సేల్ ఉంది, వచ్చే నెల ఆడిట్ ఉంది, ఆ పై నెల పండగలు. చివరికి అది ఒక శుక్రవారం సాయంత్రం దానంతటదే పడుకుంది. ప్లాను చేసి అడిగింది మూడు గంటలు, అది తీసుకున్నది రెండు రోజులు. మనకైతే ఎవరి ప్రాణమూ పోదు, వీకెండు పోతుంది.

అక్కడ ప్రాణాలు పోతాయి. 2017 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్‌లో ఖతౌలీ దగ్గర ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్టాల సిబ్బంది బ్లాకు అడిగారు, దొరకలేదు. దొరక్కుండానే పట్టా విప్పారు. బండొచ్చింది. విప్పినవాళ్ళది తప్పే, సందేహం లేదు. కానీ అడిగితే దొరకదని అలవాటైపోయిన చోట మనుషులు ఇలాంటి దొంగదారులే వెతుక్కుంటారు. మన ప్రొడక్షన్ సర్వర్లలో అర్ధరాత్రి ఎవరికీ చెప్పకుండా మార్పులు చేసేవాళ్ళని చూడలేదా? ఇంగ్లండులో 2000 అక్టోబరులో హాట్‌ఫీల్డ్ ప్రమాదం ఇలాంటిదే. పట్టా మార్చాలని ముందే తెలుసు, కొత్త పట్టా కూడా సిద్ధం చేశారు, మార్చడం మాత్రం వాయిదాలు పడింది. పట్టా విరిగి నలుగురు పోయారు. ఆ తర్వాత భయంతో దేశమంతా వెయ్యికి పైగా చోట్ల స్పీడు తగ్గించుకుని, నెలల తరబడి రైళ్ళన్నీ నత్తనడక నడిచాయి.

ఇందులో కంట్రోల్ రూములో కూర్చున్న ఆపరేటింగ్ ఆయన్ని విలన్ని చెయ్యడం నాకిష్టం లేదు. ఆయన్ని పైవాళ్ళు అడిగేది రెండే: బళ్ళు టైముకి నడిచాయా, సరుకెంత ఎక్కింది. ఇవాళ బ్లాకిస్తే ఇవాళే నలభై నిమిషాల లేటు ఆయన ఖాతాలో పడుతుంది. బ్లాకివ్వకపోతే వచ్చే నష్టం ఎప్పుడో, ఎవరో ఇంకొకరి ఖాతాలో. ఆయన స్థానంలో మీరున్నా నేనున్నా ఏం చేస్తామో ఆలోచించండి. పైగా మనం కూడా తక్కువ తినలేదు. బండి మధిర అవతల అరగంట ఆగితే ఫోను తీసి రైల్వే మంత్రిని ట్యాగ్ చేస్తాం. బ్లాకివ్వలేదని ఎవరైనా ఎప్పుడైనా ట్వీటారా? సంక్రాంతికి స్పెషళ్ళు వెయ్యమంటాం, మా స్టేషన్లో ఆపమంటాం, కొత్త బండి కావాలంటాం. ఎంపీలూ అవే అడుగుతారు, పాపం వాళ్ళ బాధ వాళ్ళది. ఒక్కో కొత్త బండీ ఉన్న ఖాళీలోంచే కోసుకుని పోతుంది. ఆ ఖాళీయే ఈ మిషను పని టైము. జపాను వాళ్ళు షింకన్‌సెన్ లైన్ల మీద అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి దాకా అసలు బళ్ళే నడపరు. మన లైన్ల మీద గూడ్సులూ ఎక్స్‌ప్రెస్సులూ అన్నీ కలిసి నడుస్తాయి కాబట్టి అంత కుదరదు, ఒప్పుకుంటాను. ఎంతో కొంత కుదరాలి కదా.

బలవంతంగా టైము తీసుకునే రోజు ఎలా ఉంటుందో మనం 2024లో చూశాం. ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకి ఇంటికన్నె - కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఇటు బుడమేరు పొంగి రాయనపాడు స్టేషను మునిగింది. లైను మొత్తం బంద్. రాత్రీ పగలూ పనిచేసి సెప్టెంబరు 4కల్లా బళ్ళు నడిపారు. అది నిజంగా గొప్ప పని, చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. వరద వేరు, రోజువారీ మెయింటెనెన్స్ వేరు, రెండింటినీ కలపట్లేదు. కానీ మూడ్రోజులు అన్ని బళ్ళూ ఆపడం మన దేశంలో సాధ్యమేనని అప్పుడు తెలిసింది. వారానికి మూడు గంటలే సాధ్యం కాదంటున్నారు.

2023 నవంబరులో రైల్వే వాళ్ళు రూల్సు మార్చి రోలింగ్ బ్లాకు అని ఒకటి తెచ్చారు. ఏ సెక్షన్లో ఎప్పుడు పనో 52 వారాల ముందు దాకా ప్లాను వేసి, దాన్ని జరుపుకుంటూ పోవడం. కాగితం మీద నాకు బాగా నచ్చింది. కాకపోతే టైంటేబుల్లో కారిడార్ బ్లాకు అనేది ఎప్పట్నుంచో ఉంది, లేటైన బళ్ళు దాన్నే ముందు మింగేస్తాయి. ప్లానుంటే చాలదు, ప్లాను ప్రకారం ఇచ్చారా లేదా అన్నది బయటికి కనపడాలి.

అందుకే నేనడిగేది కొత్త మిషన్లు కాదు. సికింద్రాబాదు, విజయవాడ డివిజన్లు నెలకోసారి మూడు అంకెలు బయటపెట్టాలి: అడిగిన బ్లాకు గంటలు, ఇచ్చిన గంటలు, మిషను వేళ్ళు నిజంగా కంకరలో దిగి ఉన్న గంటలు. మూడోది లెక్కపెట్టడం కష్టం కాదు, ఇప్పటి మిషన్లలో పని రికార్డు చేసే కంప్యూటర్లున్నాయి. రైలు ఎంత లేటో చెప్పే యాప్‌లో ఆ లేటు పక్కన "పట్టాల పని" అని ఒక ముక్క కూడా చేరిస్తే, మధిర దగ్గర ఆగిన అరగంటకి మన పక్క సీటాయనకి ఏం చెప్పాలో మనకి తెలుస్తుంది. ఈ మూడు అంకెల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. ఎవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే, జవాబేమొచ్చిందో కాస్త చెప్పండి.