లైసెన్సు గడువు తీరితే ఆట ఏమవుతుంది?

2006 చివర్లో అమెరికాలో సోనీ కొత్త కన్సోల్ ప్లేస్టేషన్ 3 వచ్చింది. ధర మోడల్‌ను బట్టి 499, 599 డాలర్లు. ఇంచుమించు అదే సమయంలో, మార్కెట్లోకి వచ్చి ఆరేళ్లు దాటిన ప్లేస్టేషన్ 2 కోసం ఒక చిన్న ఆట విడుదలైంది. పేరు 'కార్టూన్ నెట్‌వర్క్ రేసింగ్'. జానీ బ్రావో, డెక్స్‌టర్, పవర్‌పఫ్ గర్ల్స్ తలో బండి ఎక్కి పోటీ పడతారు. గొప్ప ఆటేమీ కాదు. విమర్శకులూ పెద్దగా మెచ్చుకోలేదు.

వ్యాపారంగా చూస్తే మాత్రం లెక్క పక్కాగా ఉంది. 2005 నవంబరుకే మార్కెట్‌కు చేరిన ప్లేస్టేషన్ 2లు 10 కోట్లు. మరుసటి ఏడాది దాని ధర 129 డాలర్లకు దిగింది. ఇంట్లో పెద్దవాళ్లు కొత్త కన్సోల్ కొనుక్కుంటే పాతది పిల్లలకు దక్కుతుంది. డిస్క్ కొనేది తల్లిదండ్రులు. వాళ్లు రివ్యూలు చదవరు, అట్ట మీద బొమ్మ చూస్తారు. ఇక రేసింగ్ ఆటకు కథ అక్కర్లేదు, సంభాషణలు అక్కర్లేదు. 1992 నాటి 'సూపర్ మారియో కార్ట్' వేసిన దారి ఎలాగూ ఉంది. దీన్ని తయారుచేసిన బ్రిటన్ సంస్థ యూటెక్నిక్స్‌కు రేసింగ్ ఆటలే ప్రధాన వ్యాపకం.

అంటే అమ్ముడుపోయేది ఆట కాదు, అట్ట మీది బొమ్మ. ఆ బొమ్మ అద్దెకు తెచ్చుకున్నది. ఇలాంటి ఒప్పందాలు మామూలుగా కొన్నేళ్లకే ఉంటాయి. గడువు తీరాక మళ్లీ డిస్కులు వేయాలన్నా, డౌన్‌లోడ్‌గా అమ్మాలన్నా మళ్లీ డబ్బు కట్టాలి. చిన్న ఆటకు అది గిట్టుబాటు కాదు. పైగా అడగాల్సిన యజమానే మారిపోతుంటాడు. కార్టూన్ నెట్‌వర్క్ 2018లో ఏటీ అండ్ టీ గూటికి చేరింది. 2022లో వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ చేతికొచ్చింది. 2024 ఆగస్టులో ఆ ఛానల్ అమెరికా వెబ్‌సైటునే ఎత్తేశారు. సొంత సైటునే దాచుకోని సంస్థ, ఎవరో చేసిన పాత రేసు ఆట గురించి ఆలోచిస్తుందా?

ఇది ఒక్క ఆట గొడవ కాదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అమ్మకానికి లేని ఆటలను పరిశోధకులు గ్రంథాలయాల నుంచి ఆన్‌లైన్‌లో ఆడి చూసే వీలు కల్పించాలన్న విన్నపాన్ని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో తిరస్కరించింది. గేమింగ్ కంపెనీల సంఘం దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. సరదాగా ఆడుకునేవాళ్లు దూరుతారని వాళ్ల భయం. తాము అమ్మని సరుకును ఇంకెవరో ఊరికే చూస్తారన్న ఈ బెంగ నాకైతే అర్థం కాదు.

మనకూ ఇందులో వాటా ఉంది. 2009లో సోనీ మన దేశంలో ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' విడుదల చేసింది. తయారుచేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. పూర్తిగా భారత్‌లోనే తయారైన తొలి కన్సోల్ ఆటగా దానికి ప్రచారం దక్కింది. దేవుణ్ణి జాయ్‌స్టిక్‌తో ఆడించడమేమిటని అమెరికాలో అభ్యంతరాలూ వచ్చాయి. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర కబడ్డీ లాంటి మన ఆటలతో 'దేశీ అడ్డా' చేసింది. హనుమంతుడికి గానీ కబడ్డీకి గానీ ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. కానీ కోడ్ కంపెనీ సొత్తు, డిస్క్ తిరగాలంటే కన్సోల్ కావాలి. ఆ కన్సోల్ తయారీని సోనీ 2013 జనవరికల్లా ఆపేసింది.

పుస్తకం అచ్చయితే జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలని 1954 చట్టం చెబుతుంది. సినిమాలకు పుణెలో 1964 నుంచి ఆర్కైవ్ ఉంది. వీడియో గేమ్‌లకు అలాంటి చట్టం లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. పాత ఆటలను భద్రపరిచే ఊసు అందులోనూ లేదు. పదిహేనేళ్ల కిందట హైదరాబాద్‌లో ఆ కోడ్ రాసినవాళ్లలో చాలామంది ఇంకా ఉద్యోగాల వయసులోనే ఉంటారు. ఎవరైనా అడగాలనుకుంటే ఇప్పుడే అడగాలి.