అంచుననున్న శ్రోతలు

రాత్రివేళ మధ్యతరంగములు ఆకాశపు పైపొరలను తాకి దూరప్రాంతములందు దిగును. ఆ కారణముననే విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జులపై పలికిన తెలుగు బెంగుళూరులోని మన యిండ్లకు గరగరలతోనైనను చేరుచు వచ్చినది. పద్యమున నొక పాదము చెదరినను చెవి పూరించుకొనెడిది.

ఆకాశవాణి చేపట్టిన డి.ఆర్.ఎం. అను డిజిటల్ పద్ధతిలో నట్లు కాదు. సంకేతబలము ఒక హద్దు దిగినచో పలుకు సన్నగిల్లదు, తటాలున ఆగిపోవును. కేంద్రమునకు దగ్గరివారికి గరగర లేని వినికిడి, అంచుననున్న మనకు నిశ్శబ్దము. పాత రేడియో దానిని గ్రహింపనే జాలదు, క్రొత్తది కొనవలెను. 2013లో ఈ నగరమున కేబులు టీవీ డిజిటలైనపుడు పెట్టె కొనిన సరిపోయినది, తీగ యింటివరకు వచ్చును గనుక. రేడియోకు ఆ తీగ లేదు.

ఫోనులో వినరాదా యందురు; ఆ ఫోను అవ్వ చేతికి చిక్కినపుడు గదా! పాత ప్రసారమును ఆపుటకు ముందు అధికారులు విజయవాడలోనే గాక కోలారు, హోసూరు, బెంగుళూరులందును రాత్రివేళ సంకేతబలమును కొలిచి చూడవలెనని నా మతము.